“0.3 లోపే ఉంటుంది, కేసు కాదు” అంటున్నారు, హెంప్ వేయొచ్చా?

ప్రశ్న: “మాది కొండపి దగ్గర పల్లె. నాన్న ముప్పై ఏళ్లుగా వర్జీనియా పొగాకు వేస్తున్నారు, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉంది. ధరలు చూసి విసిగిపోయాం. ఒక కంపెనీ వాళ్లు వచ్చి ఐదెకరాల్లో హెంప్, అంటే జనపనార, వేయమంటున్నారు. విత్తనం వాళ్లదే, కొనుగోలూ వాళ్లదే. మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉంటే గంజాయి కిందికి రాదు, ల్యాబ్ రిపోర్టు మేమే ఇస్తాం అంటున్నారు. నమ్మొచ్చా? ఇంకొకటి, మా బావకి నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆర్గానిక్ షాపు ఉంది. హెంప్ గింజల నూనె, సీబీడీ నూనె అమ్మొచ్చా?”

జవాబు:

ముందు నా సంగతి చెప్తాను. చెప్పేవాడెవరో తెలియకుండా సలహా తీసుకోకూడదు. నేను కెమిస్టును, సొంతూరు కందుకూరు వైపు. ఉద్యోగంలో సగం నెల్లూరులో రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు వెతకడంతోనే గడిచిపోయింది. మిగతా సగం హైదరాబాదులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో. అక్కడ నూనెలు, మసాలాలు చూసేవాణ్ణి. చివర్లో కొన్నాళ్లు హెంప్ గింజలు, వాటి నూనె కూడా నా టేబుల్ మీదికి వచ్చాయి. ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గరే ఉంటున్నాను. లాయరును కాను. చట్టం గురించి రాసేది ఆ చట్టంలో ఉన్నదే. దాని మీద వాదించాల్సి వస్తే మాత్రం ఒంగోలులో మంచి క్రిమినల్ లాయరు దగ్గరికి వెళ్లండి.

పొలం సంగతి: వద్దు. షాపు సంగతి: గింజల నూనె కాయితాలు సరిగా ఉంటే పెట్టొచ్చు, సీబీడీ (ఇదే మొక్క పూతలో ఉండే, మత్తునివ్వని ఇంకో పదార్థం) నూనె వద్దు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది. ఓపికుంటే చదవండి.

మొదట పేరు దగ్గరే ఒక చిక్కుంది. మీరు హెంప్‌ను జనపనార అన్నారు. పేపర్లలో కూడా అలాగే రాస్తున్నారు, నిజానికి జనపనార అంటే గోనెసంచులు నేసే జూట్. మనం వరి ముందు పచ్చిరొట్టకు చల్లే జనుమును ఇంగ్లీషులో ‘సన్ హెంప్’ అంటారు. గోగును ‘దక్కన్ హెంప్’ అంటారు. గోగు శాస్త్రీయ నామంలోనే ‘కన్నాబినస్’ ఉంది, ఆకు చీలికలు గంజాయి ఆకులా ఉంటాయని ఆ పేరు పెట్టారు. గట్ల మీద ఉండే కిత్తనారకూ ‘సైసల్ హెంప్’ అనే పేరుంది. వీటిలో ఏ ఒక్కదానికీ గంజాయితో చుట్టరికం లేదు, ఏదైనా నిశ్చింతగా వేసుకోవచ్చు. కంపెనీ వాళ్లు చెప్తున్న ఇండస్ట్రియల్ హెంప్ మాత్రం అచ్చంగా గంజాయి జాతి మొక్కే, కన్నాబిస్ సటైవా. మత్తునిచ్చే టీహెచ్‌సీ తక్కువుండేలా ఎంపిక చేసిన రకం, అంతే. కంటికి చూస్తే తేడా తెలియదు. ముప్పై ఏళ్ల అనుభవమున్న పోలీసుకీ తెలియదు, నాకూ తెలియదు. గంజాయి వనంలో తులసి మొక్క అంటాం గదా, ఇక్కడ రెండూ ఒకే మొక్క.

కంటికి తెలియదు కాబట్టి ల్యాబ్ కావాల్సి వచ్చింది. ల్యాబ్ వచ్చింది కాబట్టి అంకె కావాల్సి వచ్చింది. ఆ అంకే 0.3.

ఈ 0.3 ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. 1976లో ఎర్నెస్ట్ స్మాల్, ఆర్థర్ క్రాంక్విస్ట్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు గంజాయి జాతిని ఉపజాతులుగా విడదీస్తూ ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి 0.3 దగ్గర గీశారు. దాని కింద మత్తు ఉండదు, పైన ఉంటుంది అని ఎవరో మనుషుల మీద పరీక్షించి పెట్టింది కాదు. మొక్కల వర్గీకరణ కోసం గీసిన గీతను తర్వాత ప్రభుత్వాలు చట్టంలోకి తెచ్చుకున్నాయి. అమెరికా 2018 ఫార్మ్ బిల్లులో పెట్టింది. యూరప్ 0.2 మీద చాలా ఏళ్లుండి 2023లో 0.3కి వచ్చింది. మన ఉత్తరాఖండ్ 2018లో దేశంలోనే మొదటగా హెంప్ సాగుకు లైసెన్సు ఇచ్చినప్పుడు అదే అంకె తీసుకుంది.

మీ కంపెనీ వాళ్లు చెప్పని మాట ఇక్కడుంది. మన కేంద్ర చట్టంలో, 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలో, ఈ 0.3 అనే అంకే లేదు. ఎంత వెతికినా దొరకదు. ఆ చట్టం శాతాన్ని చూడదు, మొక్కలో భాగాన్ని చూస్తుంది. పూసిన లేదా కాసిన కొనలు గంజాయి. కొనల్లేకుండా విడిగా ఉన్న గింజ, ఆకు ఆ నిర్వచనంలోకి రావు. కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్కైనా ‘గంజాయి మొక్కే’. అందులో టీహెచ్‌సీ 0.1 ఉందా 15 ఉందా అనేది నిర్వచనానికి అనవసరం. అనుమతి లేకుండా సాగు చేస్తే 20వ సెక్షన్ కింద పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. “మా రిపోర్టులో 0.2 వచ్చింది సార్” అన్న మాటకు ఆ సెక్షన్‌లో చోటు లేదు.

మరి ఉత్తరాఖండ్‌లో ఎలా వేస్తున్నారు? అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. నార కోసం, గింజ కోసం, ఉద్యాన అవసరాల కోసం మాత్రమే గంజాయి మొక్క సాగుకు ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా, షరతులు పెట్టి అనుమతించవచ్చు. రాష్ట్రం ఆ తలుపు తెరిస్తేనే 0.3 అనే షరతుకు ప్రాణం వస్తుంది. హిమాచల్‌ప్రదేశ్ ఇప్పుడిప్పుడే ఆ దారిలో ఉంది. 2025 జనవరిలో అక్కడి మంత్రివర్గం పైలట్ అధ్యయనానికి ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు దరఖాస్తు పెట్టుకుని హెంప్ లైసెన్సు తెచ్చుకునే పద్ధతి లేదు. విశాఖ ఏజెన్సీలో గంజాయి తోటలు నరికించడానికి 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ నడిపి, 2024లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక దళం పెట్టిన రాష్ట్రం మనది. ఆ వాతావరణంలో కొండపి దగ్గర ఐదెకరాల పచ్చటి తోట కనపడితే ఏమవుతుందో ఊహించుకోండి.

“అయితే మీ పొలం మాకు కౌలుకివ్వండి, బాధ్యత మాది” అని కూడా అంటారు. ఇది ఇంకా ప్రమాదం. తన భూమిలో అనుమతి లేని గంజాయి సాగు జరుగుతుంటే భూమి కలిగినవాడు వెంటనే పోలీసులకో అధికారులకో తెలపాలని 46వ సెక్షన్ చెప్తుంది. తెలిసీ చెప్పకపోతే శిక్షార్హుడే. తెలిసి తన స్థలాన్ని ఆ పనికి వాడుకోనిచ్చినవాడికి 25వ సెక్షన్ వేరే ఉంది. కౌలు కాయితం మీ నాన్నగారిని కాపాడదు, ఆయనకు తెలుసనడానికి సాక్ష్యమవుతుంది.

ఇంతవరకు చట్టం. రేపో ఎల్లుండో మన రాష్ట్రం కూడా లైసెన్సులు ఇస్తుందనుకుందాం. అప్పుడైనా వేయొచ్చా అంటే, నా అసలు అనుమానాలు అక్కడే మొదలవుతాయి. ఇవి నా వృత్తికి సంబంధించినవి కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

నెల్లూరులో రొయ్యల పని చేసినవాళ్లెవరినైనా అడగండి, శాంపిల్ అంటే ఏమిటో చెప్తారు. యూరప్‌కి పోయే రొయ్యకు పట్టుబడికి ముందే గుంట దగ్గర శాంపిల్ తీసి నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌లు లేవని పరీక్ష చేయించాలి. మొదట్లో కొంతమంది ఏం చేసేవాళ్లంటే, మందు వేయని గుంటలో రొయ్య పట్టి మందు వేసిన గుంట పేరు మీద డబ్బాలో పెట్టి తెచ్చేవాళ్లు. మా యంత్రం అబద్ధం చెప్పలేదు. డబ్బాలో ఉన్న రొయ్య గురించి నిజమే చెప్పింది. అవతల రేవులో కంటైనర్ ఫెయిలైతే మాత్రం “ల్యాబ్ తప్పు” అన్నారు. 2016లో యూరప్ వాళ్లు మన రొయ్యల కంటైనర్లలో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఆ దెబ్బ నిజాయితీగా పెంచినవాళ్లకూ తగిలింది.

హెంప్‌లో ఇదే కథ పదింతలు. రొయ్యలో మందు ఒళ్లంతా ఉంటుంది. గంజాయి మొక్కలో టీహెచ్‌సీ అలా సమానంగా ఉండదు. వేరులో, కాండంలో దాదాపు ఉండదు, ఆకులో కొంచెం ఉంటుంది. అసలు నిల్వ అంతా ఆడ మొక్క పూత మీద మెరిసే జిగురు బొడిపెల్లో ఉంటుంది. మీకు తెలిసిన లెక్కలో చెప్తాను. పొగాకు మొక్కకు అడుగాకులో నికోటిన్ తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. తల తుంచితే ఇంకా పెరుగుతుంది. ఒకే మొక్క నుంచి అడుగాకు పంపితే ఒక అంకె, పైఆకు పంపితే ఇంకో అంకె. మొక్క మొత్తం పొడి చేసి పంపితే మూడో అంకె. మూడూ నిజమే. హెంప్‌కు కూడా అంతే. పై కొనలు మాత్రమే కోస్తే 0.4 చూపే మొక్క, కాండంతో సహా నూరి కలిపితే 0.15 చూపిస్తుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనల్లో ఎక్కడ కోయాలో కూడా రాశారు. పూసిన కొన నుంచి ఐదు నుంచి ఎనిమిది అంగుళాల ముక్క కోయాలి. అది కూడా ప్రభుత్వం గుర్తించిన శాంప్లింగ్ మనిషే కోయాలి, రైతు కాదు. మీ కంపెనీ “రిపోర్టు మేమిస్తాం” అందంటే, కొడవలి ఎవరి చేతిలో ఉంటుందో అడగండి.

ఏ రోజు కోశారన్నది కూడా ముఖ్యమే. పూత ముదిరేకొద్దీ టీహెచ్‌సీ పెరుగుతుంది. ఇవాళ 0.25 ఉన్న తోట మూడు వారాల తర్వాత 0.35 కావచ్చు. అమెరికాలో మొదట కోతకు 15 రోజుల లోపు శాంపిల్ తీయాలన్నారు. అన్ని పొలాలకూ మనుషులు చాలక, ల్యాబులు చాలక 2021లో వచ్చిన తుది నిబంధనలో 30 రోజులకు పెంచారు. వర్షం వచ్చి కోత ఆలస్యమైతే రిపోర్టు అంకె ఒకటి, పొలంలో ఉన్నది ఇంకొకటి.

ఇక ల్యాబ్ లోపలికి వద్దాం. పచ్చి మొక్కలో టీహెచ్‌సీ చాలా తక్కువ. ఉండేది దాని ఆమ్ల రూపం, టీహెచ్‌సీఏ. దానికి మత్తు లేదు. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ అవుతుంది. బరువులో కొంత గాలిలో కలిసిపోతుంది కాబట్టి 0.877తో గుణించాలి. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం శాంపిల్‌ను వేడి చేస్తుంది కాబట్టి ఆ మార్పు యంత్రంలోనే జరిగిపోయి రెండూ కలిపి ఒకే అంకె వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ అనే ఇంకో యంత్రంలో వేడి ఉండదు, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఒక శాంపిల్‌లో టీహెచ్‌సీ 0.05, టీహెచ్‌సీఏ 0.40 అనుకోండి. మొదటి అంకె ఒక్కటే రిపోర్టులో రాస్తే బ్రహ్మాండంగా పాసు. మొత్తం లెక్క కడితే 0.05 కి 0.351 కలిపి 0.40, ఫెయిలు. రెండు రిపోర్టులూ ఒకే పొడి మీద, ఒకే రోజు ఇవ్వొచ్చు. అమెరికా 2018 చట్టంలో ‘డెల్టా-9 టీహెచ్‌సీ’ అని మాత్రమే రాసి ఆమ్ల రూపాన్ని వదిలేయడంతో ఆ సందులోంచి ఒక వ్యాపారమే నడిచింది. 2025 నవంబరులో ఆ నిర్వచనాన్ని మొత్తం టీహెచ్‌సీకి మార్చే చట్టం చేశారు, అమలుకు ఏడాది గడువిచ్చి. మీకు చూపించిన రిపోర్టులో ‘టోటల్’ అనే మాట ఉందో లేదో చూడండి.

తేమ ఇంకొక మాయ. 0.3 అనేది ఎండిన బరువు మీద. పది శాతం తేమ ఉన్న పొడిని అలాగే తూచి 0.28 అని రాస్తే, ఎండు లెక్కలో అది 0.31. మన కోస్తా గాలిలో పొడి ఊరికే తేమ పీల్చుకుంటుంది. సీసా మూత సరిగా పెట్టకపోతే ఆ చిన్న తేడాలోనే పాసు, ఫెయిలు అటూఇటూ అవుతాయి.

పైగా ఏ కొలతైనా కొంచెం ఊగుతుంది. కూరగాయల కాటా దగ్గర యాభై గ్రాములు అటూఇటూ అయినా మనం పట్టించుకోం. ఇక్కడ ఆ ఊగుడు మీద జైలు ఆధారపడి ఉంది. అమెరికా వాళ్లు దీన్ని ఒప్పుకుని నిబంధనలోనే రాశారు. ల్యాబ్ 0.35 అని చెప్పి, ఊగుడు 0.06 అంటే, అసలు విలువ 0.29 నుంచి 0.41 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 0.3 ఆ మధ్యలో ఉంది కాబట్టి పాసు. ఇంకా పైకి పోయి పంట నాశనం చేయాల్సి వచ్చినా, 1 శాతం దాటకపోతే, రైతు జాగ్రత్తగానే పెంచి ఉంటే నిర్లక్ష్యం కింద కట్టరు. రైతును నేరస్తుడిగా కాకుండా రైతుగా చూసిన నిబంధన అది. మన దగ్గర ఎప్పుడైనా లైసెన్సు విధానం వస్తే నేను మొదట వెతికేది ఈ రెండు వాక్యాల కోసమే. ఊగుడు లెక్కలోకి తీసుకుంటారా? పంట పోయినా రైతు మీద కేసు లేకుండా ఎంతవరకు వదిలేస్తారు? ఇవి లేకుండా 0.3 ఒక్కటే పెడితే ప్రకాశం రైతు ఎవడూ ఆ పంట జోలికి పోకూడదని నా అభిప్రాయం.

పోలీసుల దగ్గరుండే చిన్న కిట్ సంగతి కూడా తెలుసుకోండి. అందులో వేసే రసాయనాలు పూత ముక్క తగిలితే ఊదా రంగుకు తిరుగుతాయి. ఆ రంగు హెంప్‌కూ వస్తుంది, గంజాయికీ వస్తుంది. ఎంత శాతమో అది చెప్పదు. తర్వాత ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపినా, చట్టం శాతం అడగడం లేదు కాబట్టి వాళ్లు తేల్చాల్సింది గంజాయి అవునా కాదా అనే. మీ హెంప్ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు ‘అవును’. రైతే ముందుజాగ్రత్తగా పరీక్ష చేయించుకుందామన్నా, లైసెన్సు లేకుండా పూత కొన ఒక్కటి కొరియర్‌లో పంపడం కూడా చట్టం కంట్లో గంజాయి రవాణాయే. పరీక్ష చేయించాలన్నా నేరం చేయాలి. ఇలాంటి పంట ఇంకొకటి నాకు తెలియదు.

విత్తనం గురించి రెండు మాటలు. యూరప్‌లో పేరున్న రకాలు పొడుగు పగళ్లకు అలవాటుపడినవి. పగలు సుమారు 14 గంటల కంటే తగ్గితే ఈ మొక్క పూతకు తిరుగుతుంది. ఒంగోలులో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలే 13 గంటల చుట్టూ ఉంటుంది. ఆ విత్తనం ఇక్కడ చల్లితే మోకాలెత్తున పూసి కూర్చుంటుంది, నారా రాదు, గింజా రాదు. మన దగ్గర బాగా ఎదిగే దేశవాళీ రకాలు తెస్తే వాటికి టీహెచ్‌సీ 0.3 దాటే గుణం ఉంటుంది. ఉత్తరాఖండ్ కొండల్లో దానంతటది పెరిగే మొక్కల్లోనూ ఇదే గొడవ. మన అక్షాంశానికి తగినది, టీహెచ్‌సీ తక్కువున్నది, రెండూ ఒకే విత్తనంలో కావాలంటే ఏళ్ల పరిశోధన కావాలి. కందుకూరు పొగాకు పరిశోధన కేంద్రంలో ఒక రకం బయటికి రావడానికి ఎన్ని సీజన్లు పట్టేదో మీ నాన్నగారికి తెలుసు. కంపెనీ మనిషి బ్రోచర్ చూపిస్తే ఆ రకాన్ని 15 డిగ్రీల అక్షాంశంలో ఎక్కడ పెంచారో అడగండి. ఒకటో రెండో తరం సొంత విత్తనం కట్టుకుంటే అంకె ఎటైనా జారుతుంది. ఈ పూత పరాగాన్ని గాలి మోస్తుంది, అది మైళ్ల దూరం పోతుంది.

కంపెనీ ఆశకూ చట్టానికీ కూడా పొత్తు కుదరదు. వాళ్లకు డబ్బు వచ్చేది నారతో కాదు, ఎక్కువగా సీబీడీతో. మొక్కలో సీబీడీ తయారుచేసే ఎంజైమే పక్కదారిలో కొంచెం టీహెచ్‌సీ కూడా చేస్తుంది, సుమారు ఇరవై ముప్పై పాళ్లకు ఒక పాలు. సీబీడీ 6 శాతానికి వచ్చేసరికి టీహెచ్‌సీ 0.2, 0.3 దగ్గర నిలబడి ఉంటుంది. సీబీడీ శాతాన్ని బట్టి ధర అని అగ్రిమెంటులో ఉంటే, మిమ్మల్ని గీత అంచుదాకా నడవమని డబ్బిస్తున్నట్టే. గీత దాటితే పంట తగలబెట్టే ఖర్చు ఎవరిదో అదే అగ్రిమెంటులో వెతకండి. పైగా 14వ సెక్షన్ అనుమతించేది నార, గింజ కోసం, పూత నుంచి సీబీడీ తీయడానికి కాదు.

పొగాకు బోర్డు పెత్తనం మనకు కొత్త కాదు. బ్యారన్ రిజిస్ట్రేషన్, కోటా, వేలం అన్నీ చూశాం. కోటా దాటి పండిస్తే జరిమానా కట్టాం. 2025లో బర్లీ పొగాకు ధర పడిపోయి ప్రభుత్వం తన సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చినా, రైతుకు రోడ్డెక్కి అడగడానికి ఒక మొహం ఉంది. హెంప్ రైతు ఎవరిని అడుగుతాడు? ఈము పక్షుల సంగతి మీ వయసువాళ్లకు గుర్తుండకపోవచ్చు. బైబ్యాక్ అన్న మాట నమ్మి షెడ్లు వేసినవాళ్ల పక్షులు చివరికి మేత లేక వదిలేసినవయ్యాయి. అయినా ఈము పెంచినందుకు ఎవరి మీదా నాన్‌బెయిలబుల్ కేసు పెట్టలేదు.

మీ బావగారి షాపు సంగతి కొంచెం తేలిక. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ గింజను, గింజ నూనెను, గింజ పిండిని ఆహారంగా గుర్తించింది. టీహెచ్‌సీ గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10, గింజతో చేసిన పానీయాల్లో 0.2 మించకూడదు. సీబీడీ కిలోకు 75 మిల్లీగ్రాములు మించకూడదు. పొలంలో 0.3 శాతం అంటే కిలోకు 3,000 మిల్లీగ్రాములని గుర్తుంచుకోండి. గింజ హద్దు దానిలో ఆరు వందల వంతే. కాబట్టి “మా హెంప్ 0.3 లోపే” అన్న సర్టిఫికెట్ నూనె సీసా విషయంలో దేనికీ పనికిరాదు. ఆ రెండు అంకెలకూ సంబంధం లేదు.

గింజ లోపల నిజానికి టీహెచ్‌సీ ఉండదనే చెప్పొచ్చు. పైన అంటుకున్న పూత జిగురు వల్ల వస్తుంది. మా దగ్గరికి ఒకసారి ఒకే లాటులోంచి రెండు సంచులు వచ్చాయి, ఒకటి జల్లించి కడిగింది, ఒకటి అలాగే గోనెలోంచి తీసింది. కడగనిది హద్దు దాటింది, కడిగింది హాయిగా లోపలే ఉంది. వేరుశనగలో అఫ్లాటాక్సిన్ (బూజు విషం) ఏరివేతను బట్టి మారినట్టే ఇది శుభ్రతను బట్టి మారుతుంది. అందుకే ప్రతి బ్యాచ్‌కూ రిపోర్టు కావాలి, కంపెనీకి ఒక్కటి చాలదు.

నూనెలో కిలోకు పది మిల్లీగ్రాములు కొలవడం అందరికీ చేతనయ్యే పని కాదు. యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టాన్ని, కాలమ్‌ను, కొవ్వు చంపేస్తుంది, శాంపిల్ శుభ్రం చేసేటప్పుడే సగం పోతుంది. పోల్చి చూసుకోవడానికి కావాల్సిన స్వచ్ఛమైన టీహెచ్‌సీ ప్రమాణ ద్రావణం కూడా మాదకద్రవ్యమే. దాన్ని తెప్పించుకోవాలంటే గ్వాలియర్‌లోని నార్కోటిక్స్ కమిషనర్ అనుమతులు, రిజిస్టర్లు, తాళం వేసిన బీరువా, టెన్షన్. ఆ గొడవెందుకని కొన్ని ల్యాబులు ఈ పరీక్ష జోలికే పోవు. రిపోర్టు మీద, ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ ముద్ర చూసి సంతోషపడకండి. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి ఇవ్వరు. ఏ పదార్థంలో ఏ పరీక్షకు అన్నది వేరువేరుగా ఇస్తారు. తేనెలో చక్కెర పరీక్షకు గుర్తింపున్న ల్యాబ్‌కు నూనెలో టీహెచ్‌సీకి లేకపోవచ్చు. ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఆ ల్యాబ్ జాబితా తెరిచి ‘హెంప్ సీడ్ ఆయిల్, టీహెచ్‌సీ’ అన్న వరుస ఉందేమో చూసుకోమనండి. పది నిమిషాల పని.

సీబీడీ నూనె అని ఆన్‌లైన్‌లో దొరికే 30 మిల్లీలీటర్ల సీసా మీద ‘1000 మిల్లీగ్రాములు’ అని ఉంటుంది. కిలో లెక్కకు తెస్తే ముప్పై అయిదు వేల మిల్లీగ్రాములు. ఆహారం కింద హద్దు 75. కాబట్టి దాన్ని ఆహారంగా అమ్మడం కుదరదు. ఆయుర్వేదంలో ‘విజయ’ పేరుతో లైసెన్సున్న మందులున్నాయి. అవి డ్రగ్స్ చట్టం నిబంధనల్లో ఇ-1 షెడ్యూలు కింద, వైద్యుడి పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరికతో వచ్చేవి. ఆర్గానిక్ షాపులో బెల్లం పక్కన పెట్టేవి కావు. సీసా మీది అంకెలను నమ్మొచ్చా అంటే, 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే లేబుల్‌కు సరిపోయినవి 26. లేబుల్‌తో పనిలేకుండా టీహెచ్‌సీ దొరికినవి 18. కొన్నవాడికి ఏదైనా అయితే ముందు వచ్చేది మీ బావగారి షాపుకే.

గింజల నూనె పెడితే మాత్రం ఒక సంగతి చెప్పండి. అందులో ఒమేగా-3, ఒమేగా-6 కొవ్వులు ఎక్కువ, వేడికీ వెలుతురుకూ తొందరగా కంపు పడుతుంది. నెల్లూరు మే నెల ఎండలో గాజు అరలో ముందు వరుసన పెడితే పాడైపోతుంది. ముదురు రంగు సీసాలే తెప్పించుకోమనండి. ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న లాట్లు తెప్పించుకోమనండి.

కంపెనీ వాళ్లు మీకిచ్చిన రిపోర్టు కాపీ మీ దగ్గరుంటే, పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. శాంపిల్ ఎవరు తీశారు, ఎండు బరువు మీదనా, టోటలా కాదా, ఊగుడు ఎంత రాశారు అన్న నాలుగు గళ్లు చూసి చెప్తాను. ఆ నాలుగింటిలో ఒకటైనా ఖాళీగా ఉంటుందని నా పందెం.